టైమింగ్ బెల్టు

నరీన్ బజారు వెనక, తెమిర్‌కుల్ షెడ్డులో
మా ఆడి నోరు తెరుచుకుని నిలబడింది.
నాలుగు లక్షల ఎనభై ఆరు వేలు, అంటుంది మీటరు.
అది ఆగిపోయి రెండు చలికాలాలు.
ఆ తర్వాతి లెక్క నా నడుముకి తెలుసు.

"చప్పుడేమన్నా చేసిందా?"
లేదు.
"వేడెక్కిందా?"
లేదు.
"మరెందుకొచ్చావ్ బురుల్చా?"

ఎందుకంటే
పోయిన మంగళవారం, దోలోన్ కనుమ ఎక్కుతుంటే,
ఆరో వంపు దగ్గర
ఏమీ జరగలేదు.
వెనక ఎవరి పాపో నా సీటుకి పాదాలు తన్నిపెట్టి నిద్రపోయింది.
ఆ రెండు పాదాలూ వీపుకి తెలుస్తుండగా
ఈ ఇంజన్లో నేనెన్నడూ చూడని రబ్బరు ముక్కొకటి
ఎన్నాళ్ళుగా తిరుగుతోందో నాకు తెలీదని
తెలిసింది.

డాష్‌బోర్డు అరలో ఒక జర్మన్ ముసలాయన పుస్తకం ఉంది.
బండి మా దేశం రాకముందు ఆయనది.
చీమలబారు రాత, నాకు అంకెలే అర్థమవుతాయి.
లక్షా ఇరవై వేల దగ్గర ఒక గీత.
రెండు లక్షల నలభై దగ్గర ఒకటి.
మూడు లక్షల అరవై దగ్గర కొంచెం వణికిన గీత.
తర్వాతన్నీ తెల్ల కాయితాలు.
నాలుగో గీత ఎవరు గీయాలో రాయకుండానే
అమ్మేశాడు.

తెమిర్‌కుల్ చేతులు తుడుచుకుంటూ లెక్క చెప్పాడు:
బెల్టు, నీళ్ళ పంపు, పుల్లీలు, తన కూలి.
పద్నాలుగు వేల సోములు.
అంటే రెండున్నర టన్నుల బొగ్గు.
అక్టోబరు సగమైంది, మా పెరట్లో ఒక్క టన్నే ఉంది.

"తెగాక మారుద్దామా?"
"తెగాక చాలా చవక," అన్నాడు,
"అప్పుడిక మార్చడానికేం మిగలదు."

బేరం మొదలైంది, అతనితో కాదు, బండితో.
షాకులు? పోయాయి. పోనీ, ప్రయాణికులు మూలుగుతారు, దిగిపోరు.
ఎడమ వెనక తలుపు కిర్రుమంటుంది. అననీ.
గేరుబాక్సు నూనె?
"దాని జోలికెళ్ళకు," తెమిర్‌కుల్ గొంతు తగ్గించాడు,
"ఈ వయసులో కొత్త నూనె పోస్తే
దానికి తన జబ్బు గుర్తొస్తుంది."
నిజమో కాదో. నమ్మాను, డబ్బు మిగిలే మాట కనక.

బెల్టు మార్చు, అన్నాను. పంపు కూడా.
అన్నాక, చేతిలోంచి ఏదో జారిపోయినట్టు
కాసేపు టైరు మీద కూచున్నాను.

సాయంత్రం పాతది విప్పి నా ఒళ్ళో పడేశాడు.
వెనక్కి వంచి చూశాను, వెలుతురుకి పట్టి చూశాను.
సన్నటి బీటలు, నా మడమల మీద ఉన్నన్ని.
పళ్ళన్నీ ఉన్నాయి.
"ఇంకా ఎన్నాళ్ళు వచ్చేది?"
"రేపటిదాకా. లేదంటే మూడేళ్ళు."
ఆ రెంటి మధ్యా పద్నాలుగు వేలు పోశాను.
జరగనిదానికి రసీదు ఎవరిస్తారు?

పుస్తకం తెరిచి, వణికిన గీత కింద నా గీత గీశాను.
పక్కన తేదీ. మీటరు ఆగిందని కూడా రాశాను,
మా భాషలోనే, ఆ ముసలాయన చదవలేకపోయినా.

పాత బెల్టుతో గొర్రెల దొడ్డి తలుపు కట్టాం.
డిసెంబరులో బొగ్గు అయిపోయింది, పేడ పిడకలతో నెట్టుకొచ్చాం.
మార్చి వచ్చింది. మా అల్లుడు జూమాదిల్
రోజూ ఆ బెల్టు పట్టి లాగి చూపిస్తాడు:
"చూశావా అత్తా, ఎంత గట్టిగా ఉందో.
దండగ ఖర్చు."

నేను మాట్లాడను.
ఆరున్నరకి బాలిక్చీ మనుషులు నలుగురు ఎదురు చూస్తుంటారు.
తాళం తిప్పుతాను.
ఎడమ తలుపు కిర్రుమంటుంది.